చక్కరకేళి బండికి మూత

వానకో ఎండకో భయపడి బండికి మూత చేయిస్తారు ఎవరైనా. సత్యదుర్గారావు మాత్రం మర్యాదకి భయపడి చేయించాడు.

అతనిది రాజోలు దగ్గర పల్లె. రోజూ పొద్దున్నే రంగు తిరిగిన చక్కరకేళి గెలలు తోటల్లో ఎత్తించుకుని, సఖినేటిపల్లి రేవులో పికప్ బండిని పంటు ఎక్కించి, గోదావరి దాటి నర్సాపురం పళ్ళకొట్లలో వేసి వస్తాడు. ఆ దాటే పావుగంటలోనే గెలల్లోంచి నాలుగైదు అత్తాలు, అంటే యాభై అరవై పళ్ళు, తరిగిపోయేవి.

దీనికి మొదలు సోమేశ్వరరావు మాస్టారు. రిటైరైన లెక్కల మాస్టారు. నర్సాపురంలో ఉన్న కూతురింటికి రోజూ వెళ్ళి వస్తుంటారు. రెండేళ్ళ కిందట ఒకనాడు ఆయన బండి పక్కన నిలబడి, "చక్కరకేళి బాగుందండీ దుర్గారావుగారూ" అన్నారు. అంత మాట అన్నాక రెండు పళ్ళు కోసి చేతిలో పెట్టకుండా ఎలా ఉంటాడు? పెట్టాడు. మర్నాడు ఆయన ఏమీ అనలేదు. అనలేదు కదా అని ఊరుకుంటే నిన్న అడిగించుకుని ఇచ్చినట్టు ఉంటుందని మళ్ళీ పెట్టాడు. మాస్టారికిచ్చి పక్కనే ఉన్న రొయ్యల చెరువుల బంగారరాజుగారికి ఇవ్వకపోతే బాగుండదు. రాజుగారికిచ్చి టికెట్లు కోసే మనిషికి ఇవ్వకపోతే అసలు బాగుండదు. అలా అలా పంటు మొత్తానికి అలవాటైపోయింది.

"రేపట్నుంచి లేదని చెప్పండి. నోరేవన్నా అరిగిపోద్దా?" అంది భార్య రత్నం.

"నువ్వు చెప్పినంత తేలికా? మొహం మీద ఎలా చెప్తారే?"

తను చెప్పలేని మాట బండి చేత చెప్పించాలని ఆ రోజే నిశ్చయించుకున్నాడు.

అమలాపురంలో బండ్లకి బాడీలు కట్టే మాణిక్యాలరావు షెడ్డుకి వెళ్ళాడు. మాణిక్యాలరావు బండి తొట్టి చుట్టూ ఒకసారి తిరిగి, "శుభ్రంగా టార్పాలిన్ బరకం కొట్టించుకోండి. తాడు బిగించి కట్టేరంటే గోదావరి గాలికి కూడా కదలదండి" అన్నాడు.

"చేత్తో ఎత్తితే లేస్తుందా అండీ?"

"బరకవన్నాక లేస్తుంది కదండీ."

"అయితే వద్దండి."

"పోనీ ఇనప కమానులు పెట్టి రెక్సిన్ గూడు కట్టిస్తానండి. వెనకాల తెర వస్తుంది."

"తెరైతే తొలగించొచ్చు కదండీ?"

మాణిక్యాలరావు చేతిలో టేపు పక్కన పెట్టాడు. "ఇంతకీ మీ భయం దేనికండీ? దొంగలకా?"

"అబ్బే, దొంగలెవరండీ! అంతా మనవాళ్ళేనండి."

అని, ఫోనులో దాచుకున్న ఫొటో తీసి చూపించాడు. ఏ దేశానిదో పెద్ద పికప్ బండి. తొట్టి మీద కాస్త ఎత్తి పెట్టిన, నల్లగా నిగనిగలాడే పలక మూత, దానికి తాళం. పక్కన కళ్ళజోడు పెట్టుకుని ఒకాయన చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఆయన మొహం చూస్తే జన్మలో ఎవరికీ అరటిపండు ఇచ్చినవాడిలా లేడు. దుర్గారావుకి ఆ మొహమే నచ్చింది. ఆ తొట్టిలో సరుకేమీ లేదన్నది మాత్రం అతను గమనించలేదు.

"గాలాడదండీ. అరటిపండు ఊపిరి పీల్చే సరుకు. పోనీ నాలుగు బెజ్జాలు పెట్టమంటారా?" అన్నాడు మాణిక్యాలరావు.

"బెజ్జాల్లోంచి లోపలున్నవి కనిపిస్తాయి కదండీ. వద్దండి."

పది రోజుల్లో మూత తయారైంది. ఇనప రేకు, నల్లరంగు, అటొక తాళం, ఇటొక తాళం.

మొదటి రోజు పంటు మీద మాస్టారు మూతని ఆ చివర నుంచి ఈ చివర దాకా చూశారు. "కొత్తదా అండీ? బాగుందండీ" అని చేతులు వెనక్కి కట్టుకుని గోదావరి వైపు తిరిగారు. ఎవరూ ఏమీ అడగలేదు. గెలలు గెలల్లాగే నర్సాపురం చేరాయి. ఆ మధ్యాహ్నం దుర్గారావు హోటల్లో రెండోసారి పెరుగు వేయించుకుని మరీ తిన్నాడు.

రెండో రోజు అతను దగ్గరికి రాగానే మాటలు ఆగిపోవడం మొదలైంది. బంగారరాజు పక్కకి తీసుకెళ్ళి, "నేనెవరికీ చెప్పనండి. లోపలేవుందండీ?" అన్నాడు.

"అరటిగెలలేనండి."

"ఆయ్. అంతేనండి, అంతే. అరటిగెలలే" అంటూ రాజుగారు అవసరమైన దానికంటే ఎక్కువసార్లు తల ఊపాడు.

మూడో రోజు సఖినేటిపల్లి రేవులో ఇద్దరు పోలీసులు ఎదురుచూస్తున్నారు. ఎవరో ఫోను చేశారట. మద్యమో, రేషను బియ్యమో, ఏదో ఉందని. పంటెక్కాల్సిన జనమంతా చూస్తుండగా రెండు తాళాలూ తీయించారు. గెలలు. ఒక్కొక్క గెలా దింపించి అడుగున చూశారు. అడుగున కూడా గెలలే. పోలీసులకి ఆశాభంగమైంది, జనానికి అంతకంటే ఎక్కువ.

అందరి మొహాలూ అలా చిన్నబోవడం దుర్గారావు చూడలేకపోయాడు. "ఎండలో శ్రమపడ్డారు, తలో అత్తం పట్టికెళ్ళండి సార్" అని నోరు దానంతటదే అనేసింది. పోలీసులకిచ్చి, అనుమానపడినందుకు సిగ్గుపడుతున్న వాళ్ళకి ఇవ్వకపోతే బాగుండదు కదా. రెండేళ్ళలో ఏనాడూ పోనన్ని పళ్ళు ఆ పూట పోయాయి.

మిగిలినవి సర్ది తాళాలు వేసేసరికి పంటు వెళ్ళిపోయింది. ఆ తర్వాత ఆటు తగిలి నీళ్ళు లాగేశాయి. పంటు కట్టేశారు. నడివైశాఖం ఎండలో బండి మూడు గంటలు రేవులోనే మాడింది. నర్సాపురం చేరి మూత ఎత్తగానే వేడి ఆవిరి మొహాన కొట్టింది. పసుపు పచ్చటి గెలలన్నీ నల్లబడి మెత్తగా కూలబడి ఉన్నాయి.

"ఇవి పళ్ళు కాదండీ దుర్గారావుగారూ, హల్వా" అన్నాడు కొట్టు యజమాని. తక్కిన కొట్ల వాళ్ళు ఆ మాట కూడా అనలేదు.

తిరుగు పంటులో దుర్గారావు మూత బార్లా తెరిచి పెట్టాడు. పారేయడానికి ప్రాణం ఒప్పక, కాస్త బాగున్నవి ఏరి, పేరుపేరునా పిలిచి ఇవ్వబోయాడు.

"వద్దండి."

"ఇప్పుడే భోంచేసేవండి."

"మీకెందుకండీ శ్రమ, ఉంచండి."

పంటు నిండా జనం. ఒక్కరూ చెయ్యి చాపలేదు. బంగారరాజు చెవి దగ్గరికి వచ్చి చెప్పాడు. "పొద్దున్న రంగు తిరిగిన గెల మధ్యాహ్నానికి ఇంతలా ముగ్గిందంటే ఏదో మందు చల్లేరని అనుకుంటున్నారండి. నేననడంలేదండి."

 చివరికి దుర్గారావు రెండు పళ్ళు పట్టుకుని మాస్టారి దగ్గరికి వెళ్ళాడు. "మీరైనా తీసుకోండి మాస్టారూ. ఏ మందూ లేదండి. మీ మీదొట్టు."

"మందు సంగతి కాదండీ" అన్నారు మాస్టారు, చుట్టూ చూసి గొంతు తగ్గించి. "నాకు షుగరు."

"ఎప్పట్నుంచండీ?"

"ఏడేళ్ళైందండి."

"మరి రోజూ తీసుకునేవారు కదండీ?"

"మీరు కోసి చేతిలో పెట్టేస్తుంటే వద్దంటే ఏం బాగుంటుందండీ? అవతలి రేవులో మేకలుంటాయి, వాటికి పెట్టేసేవాణ్ణి. ఒకరోజు మేకలు రాలేదండి. సంచిలో పెట్టుకుని మా అమ్మాయి ఇంటికెళ్తే, తను చూసి, దొంగతనంగా తింటున్నానని వారం రోజులు మాటాడలేదు. మొన్న మీ బండికి తాళం చూసేసరికి ఎంత హాయిగా అనిపించిందో చెప్పలేను."

బంగారరాజు కూడా సందు చూసుకుని, "నిజం చెప్పొద్దూ, నాకు చిన్నప్పట్నుంచి అరటిపండు వాసనే పడదండి" అన్నాడు.

దుర్గారావు చేతిలోని రెండు పళ్ళకేసీ, తాళాల మూతకేసీ చూశాడు. తర్వాత నవ్వొచ్చింది. అతను నవ్వడం చూసి మాస్టారు, మాస్టారిని చూసి రాజుగారు నవ్వారు. లోపల దాచుకున్నవన్నీ, మూత ఎందుకు పెట్టించిందీ కూడా, చెప్పుకున్నాక ముగ్గురికీ ఒళ్ళు తేలికైంది. రేపే అమలాపురం వెళ్ళి రేకు మూత విప్పించేసి, గాలాడే ఇనప జాలీ పెట్టించుకుంటానన్నాడు దుర్గారావు. ఇక మీదట మనలో మనకి మొహమాటాలు వద్దన్నారు మాస్టారు. వద్దే వద్దన్నాడు బంగారరాజు.

పంటు సఖినేటిపల్లి ఒడ్డుకి తగిలింది. బండి రేవు ఎక్కించాక దుర్గారావు వెనక్కి చూశాడు. మాస్టారు ఎండలో ఒక్కరూ నడుచుకుంటూ వస్తున్నారు. ఆయన ఇల్లు కిలోమీటరుంటుంది, అదీ అతను వెళ్ళే దారి కాదు.

"ఎక్కండి మాస్టారూ, దింపేసి వెళ్తాను."

మాస్టారు ఒక్క క్షణం ఆగారు. "అయ్యో, మీకెందుకండీ" అన్నారు. మళ్ళీ అడిగేసరికి, "ఆయ్, సరేనండి" అని ఎక్కి కూర్చున్నారు.

రోడ్డు మీదికి వచ్చాక గానీ ఆయన కాళ్ళకున్న తెల్లటి నడక బూట్లు దుర్గారావు చూడలేదు.

"డాక్టరు రోజూ నడవమన్నారా అండీ?"

"అబ్బే" అన్నారు మాస్టారు, కాళ్ళు సీటు కిందికి ముడుచుకుంటూ. "ఊరికేనండి."