బుజ్జమ్మ చెల్క మట్టి

రెండో టిప్పరు నిండుతుండగా బుజ్జమ్మ రొప్పుతూ వచ్చి మట్టికుప్ప ఎక్కింది. పత్తిగింజలు పెట్టే కూలికి పక్కూరు పోయిన మనిషి, ఎవరో ఫోను చేస్తే ఉన్నపళంగా పరుగెత్తుకొచ్చింది. జేసీబీ బకెట్ ఆమెకు బారెడు దూరంలో ఆగింది.

"జర దిగమ్మా, తాకుతది," అన్నాడు జేసీబీ నడిపే ఫర్హాన్.

"దిగ. ఇది నా చెల్క మట్టి."

కోడేరు దగ్గర ఆమెకూ, భర్త శాంతయ్యకూ ఉన్నదల్లా ఎకరంన్నర చెల్క, ఎర్రమట్టి చేను. కిందటేడు ఉదయ్ కిరణ్ అనే కాంట్రాక్టరు రోడ్డుకు మొరం కావాలని వచ్చాడు. ముందు పైమట్టి తీసి గట్టున పోస్తాను, మొరం తవ్వుకుని గుంత పూడ్చి మళ్లీ ఆ మట్టే పరుస్తాను, వానలకు ముందే విత్తుకోవచ్చు అన్నాడు. పైగా శాంతయ్యకు తన కంకర క్రషర్ దగ్గర కాపలా పని, నెలకు తొమ్మిది వేలు. బోరు ఎండిన ఇంట్లో ఆ మాట ఎవరు కాదంటారు? మొరం పోయింది, రోడ్డు పడింది, చేను ఉన్నచోట రెండు నిలువుల గుంత మిగిలింది. అందులో క్రషర్ దుమ్ము నింపి పూడ్చామన్నారు. దానిమీద గడ్డిపోచ మొలవలేదు.

మిగిలిన ఆశ గట్టు వెంట పరుచుకున్న ఆ పైమట్టి కుప్పే. ఊరికే పడి ఉంటే మట్టి సత్తువ పోతుందని బుజ్జమ్మకు బెంగ. ఏటా వేసవిలో రాత్రుళ్లు చేలో గొర్రెల మందను పడుకోబెట్టించడం, ఆ ఎరువుతో పంట తీయడం వాళ్ల అలవాటు. ఈసారి చేను లేదు గనుక కుప్ప మీదే మంద పెట్టమని గొర్ల కాపరి కురుమయ్యను బతిమాలింది.

"చేను లేకుంట మంద ఏందక్కా," అని నవ్వాడతను. అయినా వచ్చాడు. తన ఇంట్లో నూకలు నిండుకున్నా అతనికి రాత్రి కూడు, జొన్నలు ఆమే పెట్టింది.

ఆ పనే కొంప ముంచింది. నాలుగు చినుకులు పడగానే కుప్ప గుల్లబారి పచ్చగా లేచింది. ప్లాట్లు అమ్మే పెద్దమనిషి ఒకడు అటు పోతూ చూసి, తన వెంచరులో పూలమొక్కలకు ఇదే కావాలన్నాడు. కాంట్రాక్టరు అమ్మేశాడు. ఎవరి మట్టి ఎవరు అమ్ముతున్నారని అడిగే దిక్కులేదు.

ఉదయ్ కిరణ్ కారు దిగాడు. "నీ గుంత పూడ్చిన గదా. ఇంకేంది?"

"దుమ్ము పోసినవ్ సారూ. దుమ్ముల జొన్నలు మొలుస్తయా? గీ మట్టి గూడ పోతే మాకు వలస బతుకే, బొంబాయి బస్సే."

అతను ఆమెతో మాట పెంచలేదు. ఫోను చేసి శాంతయ్యను పిలిపించాడు.

"నీ ఇంటామెను దించు. లేకుంటే రేపటి సంది పనికి రాకు."

శాంతయ్య తలెత్తకుండా కుప్ప ఎక్కసాగాడు. జేసీబీకి బెదరని బుజ్జమ్మ మొగుడి నడకకు బెదిరింది. ఆయన చెయ్యిపట్టి లాగితే తాను దిగిపోతుందని ఆమెకు తెలుసు. పెళ్లయిననాటి నుంచీ ఆయన మాటకు ఎదురు చెప్పింది లేదు.

"దిగు," అన్నాడు సగంలో ఆగి. "పని పోతే ఏం తింటం?"

"నువ్వు పోయి కాపలా చేస్కో. నేను రాను."

ఆ మాట తన నోటి నుంచే వచ్చిందా అనిపించింది ఆమెకు. అప్పుడు చూసింది ఆయన కాళ్లకేసి. క్రషర్ వాళ్లిచ్చిన బూట్లతో మడమల దాకా మెత్తటి మట్టిలో దిగబడి ఉన్నాడు. విత్తే చేలో ఏనాడూ చెప్పులతో అడుగు పెట్టని మనిషి.

"గా బూట్లు ఇడువు," అంది. "మన చెల్కల నిలబడ్డవ్."

కింద కాంట్రాక్టరు అరుస్తున్నాడు. ఫర్హాన్ ఇంజను ఆపలేదు, బకెట్ ముందుకూ నెట్టలేదు. శాంతయ్య ఆ మట్టిలోనే కూలబడి బూటు లేసు విప్పడం మొదలుపెట్టాడు.