ప్రెసిడెంటు గారి గొంతు

ముందే చెప్పేస్తాను, నా గొంతుకేమీ కాలేదు. నా గొంతు సంగతి మా ఏటిమొగపాలెంలో పసిపిల్లలకి కూడా తెలుసు. మైకు లేకుండా మాట్లాడితే అవతల రేవులో వలలు సర్దుకునే వాళ్లు తలెత్తి చూస్తారు. రెండుసార్లు వరసగా సర్పంచుగా గెలిచాను, నా పేరు మార్కు, ఊళ్లో అందరూ ప్రెసిడెంటు మార్కు అంటారు. ఈ రెండుసార్లలో నేను చేసిన పనులు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు గానీ, చేసిన ప్రసంగాలకి లెక్కలేదు. అలాంటి వాణ్ణి, మొన్న ఎన్నికల్లో బందరు కేబుల్ టీవీ వాళ్లు చర్చకి పిలిస్తే నా కుర్చీ ఖాళీగా ఉంది. ఎందుకుందో ఎవరికి తోచినట్టు వాళ్లు చెప్పుకుంటున్నారు. వాళ్లకంటే నేను చెబితేనే నా పరువు ఇంకా బాగా పోతుంది, అందుకని చెబుతున్నాను.

అదంతా రేవతి పెట్టిన పేచీ. రేవతి అంటే నా మీద పోటీకి నిలబడ్డ అమ్మాయి. సముద్రం మీద వేటకెళ్లే సత్తయ్య కూతురు, గుడ్లవల్లేరులో ఇంజనీరింగ్ చదివింది. చిన్నప్పట్నుంచీ నన్ను మావయ్యా అనే పిలుస్తుంది, నా మీద నిలబడ్డాక కూడా పిలుపు మార్చలేదు. నామినేషన్ వేసి నేరుగా మా ఇంటికే వచ్చింది. మా ఆవిడ సరోజిని ఇచ్చిన కాఫీ తాగి, గ్లాసు కడిగి బోర్లించి మరీ అడిగింది.

"మావయ్యా, టీవీలో మనిద్దరం ఎదురెదురుగా కూర్చుందాం. నేను మిమ్మల్ని ఒక్కటే అడుగుతాను, నీళ్ల గురించి. మీరు నన్ను ఎన్నయినా అడగండి."

నేను పెద్దగా నవ్వి, దానికేం భాగ్యం అమ్మా, అలాగే కూర్చుందాం అన్నాను. వచ్చే శనివారం సాయంత్రం ఐదింటికి, ప్రత్యక్ష ప్రసారం అని చెప్పి వెళ్లింది. ఆ అమ్మాయి గేటు దాటేసరికి నా గొంతులో పచ్చి వెలక్కాయ పడింది.

నీళ్ల సంగతి చెప్పాలి. మాది హంసలదీవి దగ్గర, సముద్రానికి ఆనుకున్న ఊరు. ఎక్కడ బోరు వేసినా ఉప్పు నీళ్లే. రెండేళ్ల కిందట ఆర్వో ప్లాంటు పెట్టించాను. రిబ్బను నేనే కత్తిరించాను, మొదటి గ్లాసు నేనే తాగి ఫొటో దిగాను. పదకొండు రోజులు పనిచేసింది. పన్నెండో రోజున ఫిల్టర్లు ఉప్పుకి పట్టేసి ఆగిపోయింది. బాగుచేయించడం బ్రహ్మవిద్యేం కాదు, బందరు వెళ్లి నీటి సరఫరా ఆఫీసులో వారం రోజులు కదలకుండా కూర్చుంటే అయ్యేది. బందరు వెళ్లాను కూడా. ఆఫీసు ముందు నుంచే వెళ్లి, హల్వా కొనుక్కుని వచ్చేవాణ్ణి.

ఎందుకు కూర్చోలేదంటే, ప్లాంటు ఆగిన మర్నాటి నుంచే మా ఇంటికి అవనిగడ్డ నుంచి మంచినీళ్ల క్యాన్లు రావడం మొదలైంది. పొద్దు పొడవకముందే ఆటో వెనక సందులోంచి వచ్చేది, క్యాన్ల మీద గోనెపట్టా కప్పుకుని. మన ఇంట్లో దాహం లేకపోతే ఊరి దాహం గుర్తు రాదని నాకు అప్పుడే తెలిసింది. ఊళ్లో జనం మాత్రం రెండు కిలోమీటర్ల అవతల కాలవ గట్టు మీదున్న పంపు దగ్గర బిందెలతో నిలబడేవారు. ఎవరైనా అడిగితే, ప్లాంటు సామాను మద్రాసు నుంచి రావాలి, అందాకా మేమూ మీతోపాటే ఆ పంపు నీళ్లే తాగుతున్నాం గదా అనేవాణ్ణి. నమ్మించడానికి ఒకరోజు సరోజిని చేత కూడా బిందె పట్టించి వరసలో నిలబెట్టాను. ఆ బిందె మోసి నడుం పట్టేసి ఆవిడ నాతో వారం రోజులు మాట్లాడలేదు.

ఇంతకీ రేవతి వాళ్ల ఇల్లు ఎక్కడో చెప్పలేదు కదూ. మా వెనక సందులోనే.

చర్చకి వెళ్తే ఆ అమ్మాయి అడగబోయేది ఫిల్టర్ల గురించి కాదని, గోనెపట్టా గురించని నాకు అర్థమైంది. బుధవారం బస్సెక్కి గుడివాడ వెళ్లాను. నా బావమరిది శామ్యూల్ రాజ్ అక్కడ గొంతు డాక్టరు. పదిరోజులు మాట్లాడకూడదని ఒక కాగితం రాసిమ్మన్నాను. వాడు నా నోట్లో టార్చిలైటు వేసి చూసి, బావా, ఈ గొంతుతో ఇంకో ముప్పై ఏళ్లు ఊరిని ఏడిపించొచ్చు అన్నాడు. దొంగ సర్టిఫికెట్ రాయనన్నాడు. గడ్డం పట్టుకుని బతిమాలితే చివరికి, గొంతుకు విశ్రాంతి ఇవ్వడం మంచిది అని ఒక ముక్క రాసిచ్చాడు. అది ఎవరికైనా మంచిదే, అందులో అబద్ధం లేదన్నాడు. ఆ కాగితం ఫొటో తీసి టీవీ వాళ్లకి పంపించాను. మే నెల ఎండలో మెడకి మఫ్లరు చుట్టుకుని, మూగవాణ్ణై ఊళ్లో దిగాను.

ఇంత తెలివిగా ఆలోచించినవాణ్ణి, ఒక్క సంగతి మర్చిపోయాను. మా చర్చి సంఘంలో ఎవరికైనా జబ్బు చేసిందంటే అరడజను పళ్లు పట్టుకొచ్చి చూసి వెళ్లిపోరు. చాపలు పట్టుకొచ్చి ప్రార్థనకి కూర్చుంటారు.

శుక్రవారం పొద్దున ఏడింటికల్లా మా హాల్లో పద్నాలుగు మంది ఆడవాళ్లు. ముందు పాస్టరు గారి భార్య కృపాకుమారి, ఆవిడ పక్కన వీరమ్మ పిన్ని. పిన్ని అంటే నాకు చుట్టరికం ఏం లేదు. డెబ్బై ఎనిమిదేళ్ల మనిషి, ఒంటరి ప్రాణం, చిన్న బిందె చంకనేసుకుని రోజూ పంపు దాకా నడిచి వెళ్లే వాళ్లలో ఆవిడ కూడా ఒకరు. చిన్నప్పుడు నాకు నత్తి. నన్ను చూసి పిల్లలందరూ నవ్వుతుంటే, ఈవిడ సాయంత్రం పూట చర్చి అరుగు మీద కూర్చోబెట్టి, ఒక్కో మాటా వందసార్లు పలికించి, క్రిస్మస్ స్టేజీ మీద నా చేత మాట్లాడించింది. ఆ రోజు నుంచి ఈ రోజు దాకా నేను నోరు మూసింది లేదు. కాబట్టి ఈ గొంతు మీద నాకంటే ఆవిడకే హక్కు ఎక్కువ.

కృపాకుమారి గారు ఉపవాస ప్రార్థన అని ప్రకటించారు. మిగతా వాళ్లు సాయంత్రానికి విడిచి మజ్జిగ తాగొచ్చు, మళ్లీ మర్నాడు పొద్దున మొదలుపెట్టొచ్చు. వీరమ్మ పిన్ని ఒప్పుకోలేదు. నా మెడ మీద చెయ్యి వేసి, అందరూ వినేలా అంది.

"ఆ పిల్ల నీళ్ల గురించి అడుగుద్దంట. నువ్వు నీళ్ల కోసం బందరు ఎన్నిసార్లు తిరిగావో నాకు తెలియదా? అదంతా నువ్వు టీవీలో చెప్పాలి నాయనా. నువ్వు నోరు తెరిచేదాకా నేను గుక్కెడు నీళ్లు కూడా ముట్టను."

నేను కంగారుగా రెండు చేతులూ ఊపుతూ వద్దని సైగ చేశాను. నా మంచితనం చూసి వాళ్లకి ఇంకా ఏడుపొచ్చింది.

చర్చ తప్పించుకోవడానికి నేను గొంతు పోగొట్టుకుంటే, చర్చకి పంపించడానికి వీళ్లు ఆ గొంతు తెప్పిస్తున్నారు. ఆ రోజంతా నన్ను మధ్యలో కుర్చీలో కూర్చోబెట్టి నా కోసం దేవుణ్ణి బతిమాలారు. గొంతుకి నూనె రాశారు. మిరియాల కషాయం తాగించబోయి, అయ్యో ప్రెసిడెంటు గారు కూడా ఉపవాసమే గదా అని మానేశారు. నేను కూడా ఉపవాసమని నాకు అప్పుడే తెలిసింది. మధ్యాహ్నం పడగ్గదిలోకి వెళ్లి తలుపేసుకుంటే, సరోజిని అన్నంలో రొయ్యల ఇగురు కలిపి తెచ్చింది. మెల్లగా నమలండి, బయటికి వినపడుతుంది అంది. ఆవిడ కళ్లలోకి చూడలేక కంచంలోకి చూస్తూ తిన్నాను. ఇగురు చాలా బాగా కుదిరింది, రెండోసారి కూడా వడ్డించమని సైగ చేశాను.

సాయంత్రం వీరమ్మ పిన్ని ఇంటికి వెళ్లలేదు, మా హాల్లోనే పడుకుంది. సరోజిని మజ్జిగ ఇవ్వబోతే తల అడ్డంగా ఊపింది.

శనివారం పొద్దున పిన్ని గొంతులోంచి పాట రావడం లేదు, పెదాలు మాత్రం కదులుతున్నాయి. పది గంటలకి ఆ పెదాలు కూడా పగిలిపోయాయి. మీరేదైనా చెయ్యండి అని సరోజిని వంటింట్లో నా చెవిలో అంది. ఐదింటి దాకా ఆగితే చర్చ టైము దాటిపోతుంది, అప్పుడు మెల్లగా కోలుకున్నట్టు దగ్గుతాను అని నేను ఫోన్లో టైపు చేసి చూపించాను. ఆవిడ ఆ ఫోను వైపు, నా వైపు చూసి, గిన్నెలు తోముకోవడానికి వెళ్లిపోయింది.

పన్నెండున్నరకి వీరమ్మ పిన్ని కూర్చున్నది కూర్చున్నట్టే పక్కకి ఒరిగిపోయింది. ఆడవాళ్లు గొల్లుమన్నారు. ఎవరో విసనకర్ర తెచ్చారు, ఎవరో అరికాళ్లు రుద్దుతున్నారు. సరోజిని గ్లాసుతో నీళ్లు తెచ్చి నోటి దగ్గర పెడితే ఆవిడ పళ్లు బిగించింది. స్పృహలోనే ఉంది. గ్లాసు పక్కకి తోసి, నా వైపు వేలు చూపించింది. వాడు మాట్లాడాలి అని దానర్థం.

నేను అప్పుడే నోరు తెరిచానని చెప్పుకోవాలని ఉంది గానీ, తెరవలేదు. గోడ గడియారం చూశాను. పన్నెండూ నలభై. ఇప్పుడు మాట్లాడితే ఐదింటికి బందరులో ఉండాల్సి వస్తుందని ఆలోచించాను. పెద్దామె పోతుందేమో అనే భయం కంటే ముందు నాకు ఆ లెక్కే వచ్చింది. ఇది చెబుతుంటే ఇప్పటికీ నాకు ప్రాణం చచ్చిపోతోంది. సరోజిని నన్ను చూస్తూనే ఉంది. ఆవిడ చేతిలో గ్లాసు ఒరిగి నీళ్లు ఒలికాయి, అవి పిన్ని మెడ మీద పడ్డాయి. ఆ తడి తగిలి కూడా ఆవిడ నోరు తెరవలేదు. అది చూశాక నేనిక ఉండలేకపోయాను.

"పిన్నీ, నీళ్లు తాగు," అన్నాను.

మూడురోజులు దాచుకున్న గొంతేమో, ఇల్లు దద్దరిల్లింది. ఆ తర్వాత స్తోత్రం స్తోత్రం అని కేకలు, చప్పట్లు, ఏడుపులు. కృపాకుమారి గారు ఏకంగా పాట అందుకున్నారు. ఎవరో గేటు దగ్గరికి పరిగెత్తి, ప్రెసిడెంటు గారికి గొంతొచ్చిందని వీధిలోకి అరిచారు. నేను నేల మీద కూర్చుని పిన్ని తల నా ఒళ్లో పెట్టుకుని నీళ్లు తాగించాను. మొదటి గ్లాసు సగం పైగా బయటికే పోయింది. రెండోది గుటకలు వేసుకుంటూ తాగింది. మూడోది తనే లేచి కూర్చుని, చేత్తో పట్టుకుని, మధ్యలో ఆపింది.

"తియ్యగా ఉన్నాయిరా," అంది. "పంపు నీళ్లు ఇట్టా ఉండవు. ఎక్కడియ్యి?"

పాట సాగుతూనే ఉంది. నాకు పది అబద్ధాలు తయారుగా ఉన్నాయి. కాచి చల్లార్చామని చెప్పొచ్చు, చుట్టాలు తెచ్చారని చెప్పొచ్చు. ఇదే మాట రేవతి టీవీలో అడిగి ఉంటే గంటసేపు మాట్లాడి, చివర్లో కార్యకర్తల చేత చప్పట్లు కూడా కొట్టించుకునేవాణ్ణి. కానీ పిన్ని అనుమానంతో అడగలేదు. నీళ్లు బాగున్నాయి కాబట్టి అడిగింది.

"అవనిగడ్డవి పిన్నీ. క్యాన్లు."

"ఎప్పట్నుంచి?"

"ప్లాంటు ఆగిపోయిన దగ్గర్నుంచి. రెండేళ్లు."

పాట ఒక్కో గొంతూ ఆగిపోతూ వచ్చింది.

"మరి మాతోపాటే పంపు నీళ్లన్నావు?"

"అబద్ధం చెప్పాను."

ఆవిడ నా మెడకున్న మఫ్లరు వైపు చూసింది.

"గొంతు సంగతి?"

"అది కూడా పిన్నీ."

పిన్ని తిట్టినా బాగుండును, చెంప మీద ఒకటి కొట్టినా బాగుండును అనిపించింది. చిన్నప్పుడు మాట తడబడితే నెత్తిన మొట్టేది, కనీసం అలా మొట్టినా సరిపోయేది. సిగ్గుతో నేను భూమిలోకి కుంగిపోయాను. బందరు వెళ్లడానికి ఇంకా బోలెడంత టైముంది, కారుంది, గొంతుంది. అక్కడికి వెళ్లి చెప్పడానికి మాత్రం నా దగ్గర ఇంకేం మిగల్లేదు.

వీరమ్మ పిన్ని చెంగుతో మూతి తుడుచుకుంది.

"రెండ్రోజులు నీ గొంతే అడిగానురా దేవుణ్ణి," అంది. "నీళ్లు అడగాల్సింది."

అని, గ్లాసులో మిగిలిన నీళ్లు పక్కనున్న కృపాకుమారి గారికి అందించింది. ఆవిడ కూడా పొద్దున్నుంచీ ఏమీ తాగలేదు.