త్రివేణి కోల్పోయిన పరిమళము

ఆషాఢమాసారంభమున నొక యపరాహ్ణమందు విశాఖపట్టణమున సముద్రముమీదినుండి వీచు లవణార్ద్రమారుతము గవాక్షయవనికల నొక్కక్షణమైనను నిలువనీయక కదల్చుచుండ, కురియుటకు వెనుదీయుచు విడిపోవుటకు నొల్లక కొండతలలపై దిరుగాడు మేఘమండలము పగటివెలుగును మాటిమాటికి నార్పి వెలిగించుచుండ, డబ్బాలోని యుప్పు సైతము చెమ్మగిల్లి మనుజుల మనస్సులు నిష్కారణముగ వ్యాకులములగుచున్న యా వేళ రెండంతస్తుల గృహమొకదాని క్రిందివంటయింట త్రివేణి యను నిల్లాలు నిలువను గూర్చుండను దోచక తిరుగుచుండెను.

ఆమె కుకీలు చేయుటయందు బేరెన్నికగన్నది. వెన్నయు జక్కెరయు మైదాపిండియు జాక్లెట్ పలుకులును బ్రతి యింటను గలవు గాని యామె హస్తముననే యవి యేకమై యిరుగుపొరుగువారి ముఖములను దన కిటికీవైపునకు ద్రిప్పుచుండెడివి. గడియారమును జూడక, ఓవెన్ తలుపును దెరవక, కేవలగంధముచేతనే పాకకాలమును నిర్ణయించుట యామెకు బ్రసిద్ధి. అట్టి యామెకు రెండుమాసముల క్రిందట సోకిన జ్వరము తాను విడిచిపోవుచు ఘ్రాణశక్తిని గూడ వెంటగొనిపోయెను. మల్లెయు మట్టియు గాఫీయు నామె కొక్కటియే శూన్యమయ్యెను. తిరిగి రావచ్చును రాకపోవచ్చునని వైద్యుడు చెప్పెను. ఈ సంగతి యామె భర్తకైనను దెలుపలేదు. తెలిపినయెడల దనకు మిగులు పేరేమని యామె భయము.

నాటి నాలుగుగంటలకు కాలనీ స్త్రీలార్గురు కుకీలు చేయుట నేర్చుకొనుటకు రానుండిరి. ముమ్మారు వాయిదావేసిన పిమ్మట నాల్గవమారు సాకు దొరకక యామె యొప్పుకొనియుండెను.

రెండుగంటలవేళ పరీక్షార్థమై యొక ట్రే సిద్ధపరచెను. వెన్నను జక్కెరతో నురుగువచ్చునట్లు గిలకొట్టి గుడ్డు గలిపి పిండి జల్లించి పలుకులు చేర్చి యుండలుగా నమర్చి ఓవెన్‌లో నుంచెను. పిమ్మట నద్దములోనుండి చూచును, ఏమియు దెలియక కిటికీకడకు బోవును, మరల వచ్చును, తలుపుపై జేయివైచి మరల వెనుకకు దీసికొనును. తలుపు దెరచిన మెత్తబడునేమో యని భయము, తెరవకున్న మాడునేమో యని భయము. ఇట్లు మూరెడు దూరమున నిలిచియుండగనే పైయంతస్తునుండి యామె తోడికోడలు నాగరత్నము వడివడిగ మెట్లుదిగి గుమ్మముకడ నిలిచెను.

“త్రివేణీ, ఏటది మాడిపోతంది? పైదాకా వచ్చీసింది వాసన.”

త్రివేణి తలుపుదీసెను. ట్రేయందు బండ్రెండు బొగ్గుబిళ్ళలుండెను.

“కావాలనే ఎర్రగా కాల్చానక్కా” అని యామె పలికెను.

నాగరత్నము గుమ్మముకడనుండియే యా బిళ్ళలవైపు చూచెను. అనకాపల్లి చెంత బెల్లము వండు నింట బుట్టి యేబదియేండ్లు దాటిన యా పెద్దకోడలు నాలుగు సంవత్సరములుగా నా వంటయింటి గడప ద్రొక్కలేదు. ఒకనా డతిథులయెదుట నామె పిండిగిన్నెను దాకబోగా, నీ చేతులకు ఎండుచేపల వాసన, ముట్టవద్దని త్రివేణి పలికియుండెను. అతిథులు నవ్విరి. నాటినుండి యా యిరువురిమధ్య మాటలు మెట్లమీదనే ముగియుచుండెను.

నే డామె గడపదాటి లోనికి వచ్చెను. రెండవ ట్రేకై తీసియుంచిన వెన్నపై వంగి ముఖము ద్రిప్పుకొనెను.

“ఈ ఎన్న పాడైపోనాది. నీకు తెలీలేదా?”

త్రివేణి వెన్నగిన్నెను దనవైపునకు లాగికొనెను. అంతట నాగరత్నము బీరువానుండి చిన్నడబ్బా యొకటి దీసి మూతవిప్పి యామె ముక్కుకడ నుంచి, “కళ్ళు మూసుకో. ఏటిదో సెప్పు” అనెను.

త్రివేణి కన్నులు మూసికొని కొంతసే పాలోచించి “వెనిలా” యనెను.

అది యింగువ.

నాగరత్నము డబ్బాకు మూతబెట్టి మరల బీరువాలో నుంచెను.

“నా సేతులకి ఎండుసేపల వాసనన్నావు” అని నాగరత్నము మెల్లగ బలికెను. “ఇప్పుడొస్తందేటి?”

“రావట్లేదక్కా. ఏ వాసనా రావట్లేదు, రెండు నెలలైంది” అని త్రివేణి చెప్పి, “ఆ రోజు నేనన్నది తప్పు. తప్పని తెలిసే ఇన్నాళ్ళూ ఊరుకున్నాను” అనెను.

క్షమించితినని నాగరత్నము పలుకలేదు. చేతులు గడిగికొని, “వేరే ఎన్నుందా? తియ్యి. ఆళ్ళొచ్చీడానికి గంటే ఉంది” అని మాత్రమనెను.

రెండవ ట్రే ఓవెన్‌లో బ్రవేశించెను. నాగరత్నము దానియెదుట బీటవైచికొని కూర్చుండి తన పుట్టినింటి పొయ్యికడ బాకమును గనిపెట్టు రీతిని నిశ్చలయై యుండగా త్రివేణి యామెచుట్టును దిరుగుచునేయుండెను.

“ఇంకా పచ్చిపిండి వాసనే.” కొంతసేపటికి, “పాలు మరిగినట్టుంది.” మరికొంతసేపటికి బీటనుండి లేచి, “ఇదిగో, బెల్లం పాకం ముదిరే వాసన. తియ్యి. ఇంకాగితే సేదొచ్చీస్తాది.”

అంచులు బంగారువన్నెదేరి నడుమ మెత్తగా నున్న కుకీలు వెలికివచ్చెను. త్రివేణి యొకటి తుంచి నోట నుంచుకొనెను. వేడిమియు మెత్తదనమును దెలిసెనే గాని రుచి తెలియలేదు. నాగరత్నము నమలుచు దలయూచెను.

వాకిట గంట మ్రోగెను.

“నే పైకెళ్ళిపోతాను. గడియారం సూసుకో, పదమూడు నిమిషాలు” అని నాగరత్నము చీరచెంగున జేయి దుడుచుకొనెను. త్రివేణి కది సులభమైన మార్గము. రహస్యము నిలుచును, కీర్తియు నిలుచును. గంట రెండవమారు మ్రోగెను. ఆమె తలుపువైపు నాలుగడుగులు వైచి, వెనుకకు మరలి, నాగరత్నము చేతిని బట్టుకొని వెంట గొనిపోయి తలుపు దెరచెను.

“నాకు వాసన తెలియడం లేదండీ. జ్వరంతో పోయింది” అని యా స్త్రీలతో ననెను. “ఈవిడ మా అక్క నాగరత్నం. ఎప్పుడు తియ్యాలో ఈవిడే నేర్పుతారు.”

ఆర్గురును నొకరి నొకరు చూచుకొనిరి. ఒకతె పెదవి విరిచెను. వారిలో వృద్ధురాలు ముందుకు వచ్చి నాగరత్నమునకు నమస్కరించెను.

నాటి సాయంకాలము పిండి కలుపుట త్రివేణి నేర్పెను. ట్రే లోనికేగిన పిమ్మట నందరిని గన్నులు మూసికొమ్మని నాగరత్నము పలికెను. కన్నులు విప్పియున్నది త్రివేణి యొక్కతెయే. ఆమె కలత యడగెనని చెప్పజాలము, వ్రేళ్ళు పైటకొంగును ముడివైచుచు విప్పుచునేయుండెను. అట్లుండగా మొదట నాగరత్నము నాసాపుటములు కదలెను. పిదప వృద్ధురాలి నుదుటిముడుత సడలెను. పిదప నా పెదవివిరిచినామె మోమున దనకు దెలియకయే చిరునవ్వు పొడమెను. తాను పొందలేని పరిమళ మొక ముఖమునుండి మరియొక ముఖమునకు నడచిపోవుటను త్రివేణి కన్నులార జూచి, చివరి ముఖము వికసించిన క్షణమున, ఎవ్వరును జెప్పకమునుపే చేయి చాచి ఓవెన్ తలుపు దెరచెను.