వంద పాయింట్ నాలుగు

నేను ఒక థర్మామీటర్ని. పాదరసం ఉన్న పాతకాలపు దాన్ని కాదు, గుండీ అంత బ్యాటరీతో బతికే ప్లాస్టిక్ పుల్లని. ఏ ఊళ్లో పుట్టానో తెలియదు. నాలాంటి వేలమందిని గోరువెచ్చని నీళ్లలో ముంచి, అంకె సరిగ్గా చూపినవాళ్లను డబ్బాల్లో పెట్టారు, చూపనివాళ్లను పారేశారు. నాకు అబ్బిన చదువు అంతే. సంతోషం, దుఃఖం నాకెవరూ నేర్పలేదు. మనుషులు మాత్రం నన్ను చూసేటప్పుడు దేవుడి ముందు చీటీ తీసినట్టు ముఖం పెడతారు.

జగిత్యాలలో ఒక మెడికల్ షాపు అద్దాల వెనక ఏడాది పడి ఉన్నాక రాజేశం నన్ను కొన్నాడు. ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరైన మనిషి. భార్య కనకలక్ష్మికి రొమ్ము క్యాన్సర్. కీమో మొదలైంది. ఆ మందు రోగంతోపాటు ఒంట్లో కాపలా కాసే శక్తిని కూడా పడగొడుతుందని కరీంనగర్ డాక్టరమ్మ చెప్పింది. జనంలోకి వెళ్లొద్దు, పచ్చివి తినొద్దు, పూలు ముట్టొద్దు, చేతులు కడగనివాళ్లను దగ్గరికి రానీయొద్దు. ఒంటి వేడి వంద పాయింట్ నాలుగు దాటితే ఏ గోలీ వేసుకోకుండా నేరుగా ఆసుపత్రికి రావాలి. గోలీకి జ్వరం దిగుతుంది గాని లోపలి ఇన్ఫెక్షన్ దిగదు, అది తెలిసేసరికి ఆలస్యమైపోతుంది.

టికెట్ లేనివాణ్ణి బస్సెక్కనివ్వని అలవాటు రాజేశానిది. గేటు దగ్గర బకెట్టు, సబ్బు పెట్టి అందరినీ ఆపేవాడు. మనిషి మంచం పడితే చూసి రావడం అక్కడి మర్యాద. వెళ్లకపోతే జీవితాంతం మాట పడాలి. వెళ్లినవాళ్లు చేయి పట్టుకుని ఏడవాలి, అదే రోగంతో పోయిన తమ చుట్టాల కథ పూర్తిగా చెప్పాలి. రాజేశం ఇవన్నీ బంద్ చేశాడు. కనకలక్ష్మి చెల్లెలు సుగుణ దగ్గుతూ వస్తే ఆమెనూ గేటు బయటే నిలబెట్టాడు. ఆమె మంచినీళ్లు కూడా తాగకుండా తిరిగిపోయింది. ఆ రోజు కనకలక్ష్మి అన్నం ముట్టలేదు. నాకు మాత్రం తొంభై ఎనిమిదే కనిపించింది.

సద్దుల బతుకమ్మ నాడు మళ్లీ వస్తానని సుగుణ ఫోన్ చేసింది. దగ్గు తగ్గిందట. పండగ పొద్దున రాజేశం పాలకు వెళ్లినప్పుడు కనకలక్ష్మి నన్ను చంకలో పెట్టుకుంది. వంద పాయింట్ ఆరు చూపించాను. ఆమె చాలాసేపు నన్నే చూసింది. ముఖంలో ఏమీ లేదు. తర్వాత అల్మారాలోంచి జ్వరం గోలీ తీసి మింగి, నన్ను తుడిచి డబ్బాలో పెట్టింది.

రెండు గంటల తర్వాత రాజేశం కొలిచాడు. తొంభై ఎనిమిది పాయింట్ ఎనిమిది.

"మంచిగనే ఉంది. మీ చెల్లెను రమ్మను," అన్నాడు.

నేను అబద్ధం చెప్పలేదు. ఆ ఘడియకు ఉన్నదే చెప్పాను. అయినా అది మోసమే.

సుగుణ చేతులు కడుక్కుని, మాస్కు కట్టుకుని, తెచ్చిన పూలు వాకిట్లోనే వదిలి లోపలికి వచ్చింది. కనకలక్ష్మి తన చేత్తోనే ఆమెకు మంచినీళ్లిచ్చింది. ఇద్దరూ చాలాసేపు కూర్చున్నారు. సాయంత్రం వీధిలో బతుకమ్మ చప్పట్లు మొదలైన వేళకు కనకలక్ష్మికి వణుకు పట్టుకుంది. నూట మూడు చూపించాను.

ఆసుపత్రిలో రాజేశం నన్ను జేబులోంచి తీసి డాక్టరమ్మ ముందు పట్టుకున్నాడు. "పొద్దుగాల దీన్ల ఏం లేకుండె మేడం. ఆమె చెల్లె వచ్చింది, గందుకే అయ్యింది. నేనే రానిచ్చిన."

"గోలీ ఏమైనా ఇచ్చారా?"

"లేదు మేడం. ఒక్కటి గూడ ఇయ్యలే."

స్ట్రెచర్ మీద కళ్లు మూసుకుని ఉన్న కనకలక్ష్మి ఒక వేలు ఎత్తింది. "ఒక్కటి ఏస్కున్న," అంది. "సుగుణ మల్ల గేటు కాడ్నించే తిరిగి పోతదని."

రాజేశం నన్ను జేబులో పెట్టుకున్నాడు.

పన్నెండు రోజులకు ఆమె బతికి ఇంటికొచ్చింది. ఆయన తిట్టలేదు. పొద్దునా సాయంత్రం నన్ను చేతికిచ్చే ముందు "గోలీ ఏస్కున్నవా?" అంటాడు. ఆమె "లేదు" అంటుంది. ఆయన నమ్మడు, గోలీల అట్ట తెచ్చి చూసుకుంటాడు. అంతకు మించి వాళ్ల మధ్య మాటల్లేవు. వేడి తప్ప తెలియని నాకే ఆ ఇల్లు చల్లగా తోచింది. అది నాకు బాగనిపించలేదు.

తర్వాతి కీమో అయిన తొమ్మిదో రోజున, రాజేశం స్నానానికి వెళ్లినప్పుడు, కనకలక్ష్మి నన్ను తీసుకుంది. వంద పాయింట్ ఐదు. గోలీల అట్టను ఆయన మరిచిపోయి మంచం మీదే వదిలాడు. ఆమె దాన్ని చూసింది, నన్ను చూసింది.

"ఇగో, ఇనవడ్తుందా?" అని పిలిచింది. "వంద దాటింది. గోలీ ఏస్కోలే."

రాజేశం తడి ఒంటితోనే వచ్చాడు. అట్ట వైపు చేయి చాచి, వెనక్కి తీసుకున్నాడు.

"చెప్పులేసుకో. ఆటో తెస్త," అన్నాడు.

తలుపు మూసి వాళ్లు వెళ్లిపోయారు. నేను మంచం మీద బోర్లా పడి ఉన్నాను. కాసేపటికి నా అంకె దానంతటదే ఆరిపోయింది. రాజేశం దాన్ని చూడనే లేదు. ఆమె మాట మీదే వెళ్లాడు.