వెలగని పిల్లలు

రంగుచేపల కొట్టు ముందుభాగం సర్దుతూ మరిది నీలం దీపాన్ని వెనకగదిలోకి తెచ్చాడు. పనిచేస్తుందో లేదోనని ప్లగ్గు పెట్టి చూశాడు. మూలనున్న ప్లాస్టిక్ తొట్టిలో చేపపిల్లలు ఒక్కసారిగా పచ్చటి నిప్పురవ్వల్లా మెరిశాయి.

వదిన వల వదిలేసి తొట్టి మీదికి వంగింది.

ఆ తొట్టిలోవి పనికిరాని పిల్లలని ఆమె లెక్క. కొట్లో అమ్మే, నీలం దీపం కింద వెలిగే చేపలను ఎవరో ప్రయోగశాలలో తయారుచేశారు. వేరే జీవి మెరుపును తెచ్చి వీటి పుట్టుకలోనే కలిపారు. అమ్ముకోవచ్చు గానీ పిల్లలు పెట్టించకూడదన్నది పర్మిట్టు షరతు. కొనితెచ్చి అమ్మితే మిగిలేది చేతి ఖర్చుకే చాలదు, కొట్లోనే పెంచితే నీళ్లు తప్ప వేరే పెట్టుబడే ఉండదని లెక్కేసింది వదినే. వెలిగే మగవాటిని మామూలు చారల ఆడవాటితో కలిపింది. పుట్టినవాటిలో రంగు తేలినవి అద్దాల పెట్టెల్లోకి, మసకగా ఉన్నవి తొట్టిలోకి పోయాయి. ఉత్తపుణ్యానికి పారబోయడం వ్యాపారం చేసే చేతికి అలవాటు లేని పని. అందుకని మసకవాటిని, దోమపిల్లల్ని తినే మామూలు చేపలని చెప్పి సంచుల్లో అమ్మేసింది. ఏరింది పగటి వెలుతురులో. పైకి ఎలా కనిపిస్తే అదే సరుకని ఇన్నాళ్లూ నమ్మింది.

పెద్ద సంచి పోయిన నెల పార్కు కొలనుకు పోయింది. కొలను నిండితే నీళ్లు తూములోంచి కాలువలోకి, అక్కణ్ణించి ఏట్లోకి. ఏట్లో ఇదే జాతి చారల చేపలు కోకొల్లలు, వాటితో ఇవి కలిస్తే ఇక ఏరి తీయలేరు. వదిన కిటికీలోంచి చూసింది. ఆకాశం బొగ్గుల బస్తాలా ఉంది.

మరిది దీపం ఆర్పేసి తలుపు దగ్గరికి వేశాడు.

"తేలు కుట్టిన దొంగ అరుస్తాడా వదినా? ఊరుకో. చేప మీద మన కొట్టు పేరేమన్నా రాసుందా?"

"లేదనేగా నా భయం. ఏ పేరు పెట్టి వెనక్కి పిలుస్తాం?"

పర్మిట్టు పోతే కొట్టు మూసుకోవాల్సిందేనని అతను గుర్తుచేశాడు. ఆ సంగతి ఆమెకు ఒకరు చెప్పాలా? సగం అద్దాల పెట్టెలు వెలిగే చేపలవే. మిగతా సగం ఇల్లు గడపవు. అయినా నీలం టార్చి, నల్లగుడ్డ, రెండు వలలు సంచిలో పడేసుకుని బయల్దేరింది. గుట్టుగా పట్టుకుని గుట్టుగా తెచ్చుకోవాలని ఆమె ఎత్తు.

పార్కు తోటమాలి గట్టు మీద కూర్చుని ఎర్రచేపలకు మేత చల్లుతున్నాడు. పెద్దవాడు, ఆ చేపలను వేలెడంత ఉన్నప్పట్నుంచీ సాకినవాడు. నీళ్లెలా ఉన్నాయో చూసి పోదామని వచ్చానంది వదిన.

"అమ్మిన సరుకు యోగక్షేమాలు అడిగే కొట్టు నీదొక్కటే అమ్మాయ్," అని నవ్వాడాయన.

వదిన సంచి విప్పింది. గుడ్డ తలమీద కప్పుకుని నీళ్లమీదికి వంగి టార్చి వేసింది. తను అమ్మినవి పచ్చగా మెరిశాయి. అంతవరకూ అనుకున్నదే. వాటి కింద, నాచులో, సూదిమొనలంతవి మందలు మందలుగా మెరుస్తున్నాయి. అవి అప్పుడే పిల్లలు పెట్టాయి. అంత నలుసులను ఏ వల పడుతుంది?

వీపు మీద మొదటి చినుకు పడింది. తూముకూ నీళ్లకూ మధ్య రెండు వేళ్ల సందుంది. వదిన తలమీది గుడ్డ లాగి ఉండచుట్టి తూములో కుక్కింది.

"అదేం పని? నీళ్లు గట్టెక్కుతాయి!"

"ఎక్కనీ బాబాయ్, గడ్డిలోకేగా పోతాయి. కాలువలోకి పోకూడదు." ఇక దాచి లాభం లేదు. చెప్పేసింది. ఏం కలిపిందో, ఏం అమ్మిందో, దేనికి వచ్చిందో అంతా.

ఆయన చేతిలోని మేత గట్టు మీద పెట్టాడు.

"నావేం చేశాయి?"

"ఎర్రవాటిలో పెద్దవాటిని బకెట్లలోకి తీద్దాం. చిన్నవి ఒక్కటీ మిగలకూడదు."

"చిన్నవాటిలో నావాటి పిల్లలూ ఉన్నాయి."

"ఉన్నాయి. ఏరే వ్యవధి లేదు."

ఆయన బకెట్లు తెచ్చాడు. ఎర్రచేపలను ఒక్కొక్కదాన్నీ చేతుల్తోనే తీశాడు, వల తాకనివ్వలేదు. తర్వాత పనిముట్ల గదిలోంచి సున్నం బస్తా ఈడ్చుకొచ్చి, ఆమెకు ఇవ్వకుండా తనే కొలనులో కుమ్మరించాడు. వాన జోరందుకుంది. తెల్లబడ్డ నీళ్ల మీదికి చిన్నచేపలు తేలుతూ వచ్చాయి. వదిన టార్చి వేసి చూసింది. చచ్చినా వాటి వెలుగు ఆరలేదు. వాటి మెరుపు చూసి ముచ్చటపడి కొన్నవాళ్ల ముఖాలు గుర్తొచ్చి టార్చి ఆర్పేసింది.

తోటమాలి ముఖం తుడుచుకున్నాడు. "సున్నం ఎక్కువ వేశానని నేను చెప్పుకుంటా. నీ మాట రానివ్వను. కొట్టు నడిపేదానివి."

ఆమె కోరి వచ్చిన బేరం అడక్కుండానే చేతికందింది. పర్మిట్టుకు ఢోకా లేదు. ఒక్క క్షణం గుండె తేలికపడింది కూడా. అంతలో చిన్న సంచులు గుర్తొచ్చాయి. మిద్దె మీది తొట్టికని ఒకరు, పెరటి గుంటకని ఒకరు తీసుకుపోయారు. ఎవరో ఏమిటో తెలియదు. ఒక కొలను నోరు మూయిస్తే మూతపడే లెక్క కాదిది.

"వద్దు బాబాయ్," అంది.

కొట్టుకొచ్చేసరికి మరిది గుమ్మంలోనే ఉన్నాడు. పనైందా అని కళ్లతోనే అడిగాడు. ఆమె తడి చేతులు తుడుచుకుని, కొత్త సరుకొచ్చినప్పుడు బయటపెట్టే బోర్డు దించి, సుద్దతో రాసింది: "ఇక్కడ కొన్న చిన్న చారల చేపలను ఎక్కడా వదలకండి. అవి మామూలువి కావు. తప్పు మాది. వెనక్కి తెచ్చివ్వండి."

"ఇది పెడితే ముందు వచ్చేది చేపలు కాదు, పర్మిట్టు వాళ్లు," అన్నాడు మరిది.

"రానీ. ఊరంతా చాటించడం వాళ్లవల్లే అవుతుంది," అని వదిన బోర్డును వాన తగలకుండా చూరు కిందికి జరిపి, వీధివైపు తిప్పి నిలబెట్టింది.