తాళ్ళవాళ్ళు పలకని రోజు

రండర్రా, ముందుకు జరగండి. గోడకు ఆనుకుని కూర్చున్న కాలేజీ పిల్లలూ, మీరు కూడా. డ్యూటీ దిగి వచ్చినవాళ్ళు కాళ్ళు చాపుకోండి, నేనేమీ అనుకోను. నా గొంతు మునుపటిలా లేదు, ఈ కథ అరిచి చెప్పలేను. పైగా ఇది అరిచినవాళ్ళ కథ కాదు. నోరు మూసుకుని ఓడను ఆపినవాళ్ళ కథ.

మంచు పట్టిన ఉదయం. ఆస్పత్రిలో, నెలలు నిండకుండా పుట్టిన పిల్లల గదిలో ఉన్నాను. నా కోడలికి ఏడో నెలలోనే ఆడపిల్ల పుట్టింది. అరచేతిలో పట్టేంత ప్రాణి. వెచ్చగా ఉండాలని అద్దాల పెట్టెలో పెట్టారు. పక్క పెట్టెలో ఇస్త్రీ బండి ఆవిడ కూతురు. ఉన్నట్టుండి కరెంటు పోయింది. పోవడం కొత్త కాదు, ఆ చలికాలమంతా పోతూనే ఉంది. జనరేటర్ ఓసారి దగ్గి ఊరుకుంది. డీజిల్ లేదు.

నర్సు పరుగున వచ్చి పెట్టెలు తెరిచింది. పిల్లల్ని తల్లుల గుండెలకు అంటించి దుప్పట్లు కప్పింది.

"ఒంటి వేడి తప్ప ఇంకేం మిగల్లేదమ్మా. గట్టిగా హత్తుకోండి" అంది.

నా కోడలి గుండెల మీద మా పిల్ల కొనప్రాణంతో ఉంది. ఇస్త్రీ ఆవిడ గుండెల మీద ఆమె పిల్ల చల్లబడిపోయింది.

ఆవిడ ఏడవలేదు. కిటికీలోంచి రేవు వైపు చూసింది. అక్కడ గ్యాస్ ఓడ ఒళ్ళంతా దీపాలు పెట్టుకుని పెళ్ళివారిల్లులా వెలిగిపోతోంది.

"పెద్దమ్మా, దాని కడుపులో ఉన్నది మన కరెంటే కదా?"

"మనదేనమ్మా."

"మరి దించరేం?"

నా కొడుకు పనిచేసేది ఆ రేవులోనే. కాళ్ళకు చెప్పులు కూడా మరిచి అటే నడిచాను.

మా ఊళ్ళో మొదట బొగ్గు కరెంటు ఉండేది. బొగ్గు కాలం అయిపోయింది, పొగ లోకానికి చేటు, ఇక ముందంతా గ్యాసే అన్నారు. పొగ చేటన్నది అబద్ధం కాదు, నా ఊపిరితిత్తుల్ని అడిగితే అవే చెబుతాయి. కానీ బొగ్గు కేంద్రం మూసినవాళ్ళు అందులోని పనివాళ్ళను బూడిదతో పాటే ఊడ్చి బయట పోశారు. వచ్చిన గ్యాసైనా మన నేలలో ఊరేది కాదు. సముద్రం మీద రావాలి. ఓడ ఇంకా దారిలో ఉండగానే దాన్ని ఒకడు ఇంకొకడికి, ఆ ఇంకొకడు మరొకడికి అమ్ముతాడు. ఎవడు ఎక్కువ ఇస్తానంటే దాని ముక్కు అటు తిరుగుతుంది.

నా కొడుకు తాళ్ళవాళ్ళ పెద్ద. ఓడను రేవుకు కట్టడం, విప్పడం వాళ్ళ పని. వాడి గొంతు చూసి అందరూ మైకు అని పిలిచేవారు. ఓడ విప్పే ముందు వాడు "ముక్కూ?" అని కేకేస్తే, ఓడ ముందు వైపు తాడు కట్టిన ఇనుప గుంజ దగ్గరున్నవాళ్ళు "సిద్ధం" అనాలి. తర్వాత నడుము. తర్వాత తోక. ఒక్క గుంజ దగ్గర పలక్కపోయినా ఎవరూ తాడు ముట్టరు. ఆ పద్ధతి ఊరికే రాలేదు నాయనా. ఒకప్పుడు జవాబు కోసం ఆగకుండా విప్పించారు. బిగిసిన తాడు కొరడాలా లేచి నా భర్తను కొట్టింది. మనిషి మళ్ళీ లేవలేదు. ఆ రోజు తాళ్ళవాళ్ళు పని ఆపి కొట్లాడితేనే కంపెనీ తన చేత్తో బోర్డు రాసి జెట్టీ మీద నిలబెట్టింది: జవాబు రానిదే తాడు వదలరాదు.

నేను వెళ్ళేసరికి గేటు పక్క టీ పాకలో అందరూ ఉన్నారు. ఎదురుగా కాంట్రాక్టర్. తెల్లచొక్కా అనేవాళ్ళం వాణ్ణి. రేవులో మరకపడని చొక్కా అదొక్కటే.

"దించేది లేదు. ఓడ విప్పండి. పైదేశంలో చలి ముదిరింది, రెండింతలు ఇస్తామంటున్నారు" అంటున్నాడు.

"ఇక్కడ చలి లేదా?" అన్నాను.

"ముసలమ్మా, నీకర్థం కాదు. ఇది ప్రపంచ మార్కెట్టు. నా చేతిలో ఏముంది? నీళ్ళు పల్లానికి పోయినట్టు సరుకు ధర ఉన్న చోటికి పోతుంది."

"నీళ్ళు పోయినందుకు కూడా నీకు కమిషన్ ఇస్తారా బాబూ?"

తాళ్ళవాళ్ళు పకపకా నవ్వారు. వాడి మొహం కందగడ్డయింది.

"నవ్వండి. రేపు మీ బదులు బటన్లు పెట్టిస్తా. నొక్కితే తాడు ఊడిపోతుంది. బటన్లకు నోళ్ళుండవు, తల్లులూ ఉండరు" అని వెళ్ళిపోయాడు.

అప్పుడు చెప్పాను, ఇస్త్రీ ఆవిడ పిల్ల సంగతి.

"ఓడ కదలడానికి వీల్లేదు" అన్నాడు మైకు.

"వాడు అన్నంత పనీ చేస్తాడ్రా. మన పిల్లలేం తినాలి?" అన్నాడొకడు.

"మన పిల్లల మాటే కదరా చెబుతోంది అమ్మ!"

ఒకరి మీద ఒకరు అరుచుకున్నారు. మూల నుంచి గొణుగుడు వినిపించింది. ఆయన పేరే గొణుగుడు. వాన కురిసినా, ఎండ కాసినా గొణిగే ముసలాయన.

"ఓడ ఆపితే కేసు. గేటు మూస్తే కేసు. తాడు కోస్తే కేసు మీద కేసు."

"మరేం చెయ్యమంటావ్ మావా? దండం పెట్టి సాగనంపుదామా?"

"పలకొద్దు."

"ఏంటీ?"

"చెవుడా? పలకొద్దంటున్నా. బోర్డు వాళ్ళది, నోరు మనది. పిలవడం మైకు పని, వాణ్ణి పిలవనీ. మనం పలకం."

"ఇన్నేళ్ళకు పనికొచ్చే గొణుగుడు గొణిగావ్ మావా!" అన్నాడు మైకు.

జెట్టీ మీదకు నడిచారు. ఎవరి గుంజ దగ్గర వాళ్ళు నిలబడ్డారు. తెల్లచొక్కా చెయ్యి ఊపాడు. నా కొడుకు గుండెల నిండా గాలి పీల్చి పిలిచాడు.

"ముక్కూ?"

అలల చప్పుడు.

"నడుమూ? తోకా?"

సముద్రపు కాకి ఒకటి అరిచింది, అంతే.

"జవాబు రాలేదు సార్" అన్నాడు మైకు.

తెల్లచొక్కా "సిద్ధం! సిద్ధం!" అని తనే అరిచాడు. తనే వంగి తాడు లేపబోయాడు. తాడు మనిషి తొడంత లావు. చొక్కాకు గ్రీజు అంటింది గానీ తాడు జరగలేదు. పైన ఓడ మీద నావికుడొకడు, ఏ దేశంవాడో, చేతులు కట్టుకుని తాళ్ళచుట్ట మీద కూర్చున్నాడు. కింద ఓడను లాగే టగ్గు పడవ వాళ్ళు ఇంజన్ ఆపేశారు.

ఈలోగా ఊరు కదిలింది. బొగ్గు కేంద్రం ఊడ్చి బయట పోసిన పనివాళ్ళు వచ్చారు. ఆస్పత్రి ఆయాలు వచ్చారు. గ్యాస్ ఉన్న చోటని అగ్గిపెట్టెలూ బీడీలూ గేటు దగ్గర కుప్పపోసి మరీ లోపలికి వచ్చి గుంజల చుట్టూ కూర్చున్నారు. ఇస్త్రీ ఆవిడ గుడ్డలో చుట్టిన పిల్లతో నా పక్కన కూర్చుంది.

పోలీసులు వచ్చారు. "పిలవరా!" అని ఇన్‌స్పెక్టర్ మైకు భుజం మీద లాఠీతో కొట్టాడు. వాడు పిలిచాడు. జవాబు లేదు. మళ్ళీ కొట్టాడు. వాడు మళ్ళీ పిలిచాడు. నెత్తురు కారుతోంది. "సిద్ధం" అన్న ఒక్కమాట చాలు, నా కొడుకు మీద దెబ్బ ఆగుతుంది. ఆ మాట నా నాలుక చివరకొచ్చింది. ఇస్త్రీ ఆవిడ నా చెయ్యి నలిపేసింది.

"పలక్కు పెద్దమ్మా."

పలకలేదు.

వాణ్ణి వ్యాన్లో పడేశారు. "ఇంకెవడు పిలుస్తాడు?" అన్నాడు ఇన్‌స్పెక్టర్. గొణుగుడు లేచి, తన గొణుగుడు గొంతుతోనే పిలిచాడు. ఎవరూ పలకలేదు. ఆయన్నీ తోశారు. తర్వాత ఇంకొకడు లేచాడు. పిలిచినవాణ్ణల్లా తీసుకుపోయారు, చివరికి తాడు తెలిసినవాడు ఒక్కడూ మిగల్లేదు. ఓడ మాత్రం కట్టినచోటే ఉంది. దాని వెనక సముద్రంలో ఇంకో ఓడ చోటు కోసం కూతలు పెడుతోంది.

కదలని ఓడ గంట గంటకూ నష్టమేనని, పొద్దువాలుతుండగా కంపెనీవాళ్ళు గ్యాస్ దించే పైపు తగిలించారు. మొత్తం దించారో, కొంతే దించారో నాకు తెలియదు. ఆస్పత్రి కిటికీలు వెలిగాయి. మా పిల్ల మళ్ళీ పెట్టెలోకి వెళ్ళింది.

మేమంతా స్టేషన్‌కు వెళ్ళాం. లోపలికి రానివ్వలేదు. గోడ అవతల లాఠీల చప్పుడు. నేను గోడకు దగ్గరగా నిలబడ్డాను. నాకున్న గొంతంతా పెట్టి పిలిచాను.

"ముక్కూ?"

లాఠీల చప్పుడు ఆగింది. లాకప్పంతా ఒక్క గొంతై పలికింది.

"సిద్ధం!"

"నడుమూ?"

"సిద్ధం!"

"తోకా?"

ఈసారి జవాబు నా వెనక నుంచి, వీధి వీధంతా వచ్చింది.

తర్వాత బటన్లు వచ్చాయి. గ్యాస్ కాలమూ వాలుతోంది, ఇప్పుడు గాలిమరల రెక్కలు అదే రేవులో దిగుతున్నాయి. దింపించేది తెల్లచొక్కా కొడుకు. మోసేది మీరు. గాలికి ధర లేదంటాడు, మీ చెమటకూ లేదంటాడు. వాడు పిలిచినప్పుడు వెంటనే పలక్కండి. ఓడ ఎవరి కోసమో ముందు అడగండి.

ఈ కథ మీ షెడ్లలో, మీ హాస్టళ్ళలో చెప్పండి. నా కొడుకు పేరు మరిచిపోయినా పరవాలేదు. ఇస్త్రీ ఆవిడ పిల్లను మాత్రం వదిలేయకండి. దానికి ఇంకా పేరు కూడా పెట్టలేదు. కథ దానితోనే మొదలుపెట్టండి.