బిగువు గుండీల జేబు

తిరుత్తణి మగ్గాల వీధిలో వేలాయుధాన్ని అందరూ వళ్ళల్ అని పిలిచేవారు. తమిళంలో వళ్ళల్ అంటే అడిగినవాడికీ అడగనివాడికీ కూడా ఇచ్చే మహాదాత. పూర్వం రాజులకు ఉండిన బిరుదు అది. లుంగీలు నేసుకుని బతికే వేలాయుధానికి ఆ బిరుదు కాఫీ వల్ల వచ్చింది.

ప్రతి శుక్రవారం ఆ వీధి నుంచి ముగ్గురు నేతగాళ్ళు వారమంతా నేసిన లుంగీలు మూటగట్టుకుని, బస్సెక్కి తిరువళ్ళూరు పోయేవారు. ఒకడు వేలాయుధం. రెండోవాడు పక్కింటి సుబ్బన్న, వయసులో చిన్న. మూడో ఆయన ఎదురింటి నాగలింగం, వరసకు మామ. తిరువళ్ళూరు బజారులో జగన్నాథన్ అనే ముదలాళి ఉండేవాడు. లుంగీలు ఎంచి చూసుకుని కూలి ఇచ్చేదీ, మరుసటి వారానికి నూలు ఇచ్చేదీ ఆ షావుకారే. డబ్బు చేతిలో పడగానే ముగ్గురూ బస్టాండు పక్కనున్న కాఫీ హోటల్లో దూరేవారు. ఇడ్లీ, వడ, ఆ పైన చిక్కటి కాఫీ. అంతవరకూ ఎవరికీ ఏ ఇబ్బందీ లేదు. ఇబ్బందల్లా లేచేటప్పుడు మొదలయ్యేది.

సర్వర్ బల్ల దగ్గర నుంచే బిల్లు ఎంతయిందో గట్టిగా అరిచేవాడు. గల్లాపెట్టె ముందు కూర్చున్న ఆయన తలెత్తి ముగ్గురి వంకా చూసేవాడు. సరిగ్గా అప్పుడే సుబ్బన్నకు తన చేతులు ఇంకా జిడ్డుగా ఉన్నాయని అనుమానం వచ్చేది, మళ్ళీ కడుక్కోవడానికి పోయేవాడు. నాగలింగం గోడమీది క్యాలెండరు ముందు నిలబడి, వచ్చే అమావాస్య ఏ రోజు పడిందో వెతికేవాడు. గల్లాపెట్టె ముందు వేలాయుధం ఒక్కడే మిగిలేవాడు. ఎవరూ నోరు మెదిపేవారు కాదు. ఆ కాసేపూ అతనికి ఒంటిమీద చీమలు పాకినట్టుండేది. చెవులు వేడెక్కేవి. హోటల్లో ఉన్న వాళ్ళంతా ఇడ్లీలు తినడం మానేసి, తనని పిసినారి అనుకుంటున్నారని అనిపించేది. ఇక ఆగలేక చెయ్యి దానంతటదే జేబులోకి పోయేది.

"మా అన్న వళ్ళలప్పా" అనేవాడు సుబ్బన్న, తడి చేతులు తువ్వాలకు తుడుచుకుంటూ.

అది దానగుణం కాదని వేలాయుధానికి తెలుసు. కానీ ఇంకెవరికీ తెలియదనుకునేవాడు. ఇంట్లో సరసమ్మకు ఎప్పుడో తెలుసు. పెళ్ళయిన కొత్తల్లోనే, గాజులవాడు బేరం మధ్యలో ఊరికే కూర్చుంటే, మొగుడు ఆ ఊరకుండడాన్ని తట్టుకోలేక అడిగినంతా ఇచ్చేయడం ఆమె చూసింది. తిట్టలేదు. తిడితే మొహమాటం పోతుందా? ఒకరోజు కండెలు చుట్టుకుంటూ మాట కదిపింది.

"ఏమయ్యా, ఒకటి అడగతా, కోప్పడకూడదు."

"అడుగు."

"పోయిన నెల నీకు జొరమొచ్చి పండుకున్నావే, ఆ శుక్రవారం వాళ్ళిద్దరే కదా తిరువళ్ళూరు పోయినారు?"

"అవును."

"ఆ పొద్దు వాళ్ళు కాఫీ తాగలేదా?"

"తాగకేమి. వడ శానా బాగుండిందని మామ చెప్పినాడే."

"మరి దుడ్డు ఎవరిచ్చినారు?"

మగ్గంలో కూర్చున్న వేలాయుధం చేతిలోని నాడె తాడు వదిలేశాడు. మగ్గం ఆగింది. ఈ ప్రశ్న అతనికి అంతవరకూ తట్టనే లేదు. తను లేకపోతే వాళ్ళు హోటలు గడప కూడా తొక్కరని మనసులో ఎక్కడో నమ్మకం ఉండేది కాబోలు. ఎవరిచ్చినారో తెలియదని చెప్పాడు. సరసమ్మ మళ్ళీ కండె చుట్టడం మొదలుపెట్టింది.

మరుసటి శుక్రవారానికి ఆమె ఒక పని చేసి పెట్టింది. ఆ వైపు మగవాళ్ళు పంచె కింద చారల గుడ్డతో కుట్టిన పట్టాపట్టి నిక్కరు వేసుకుంటారు. దాని జేబు గోనెసంచి అంత లోతు. డబ్బు దాచుకునేది అందులోనే. సరసమ్మ మొగుడి నిక్కరు జేబుకు మూత కుట్టి, మూడు గుండీలు వేసింది. గుండీలు పెద్దవి, కాజాలు చిన్నవి.

"ఇదేందే, కోట తలుపు మాదిరి?" అన్నాడు వేలాయుధం.

"బస్సులో జేబులు కొట్టేవాళ్ళు ఎక్కువైనారంట. చార్జీకి ఉండేది చొక్కా జేబులో పెట్టుకో. కూలి దుడ్డు ఇందులో ఎయ్యి."

ఆ శుక్రవారం హోటల్లో సర్వర్ అరిచాడు. సుబ్బన్న నీళ్ళ తొట్టి దగ్గరికి, నాగలింగం క్యాలెండరు దగ్గరికి పోయారు. చీమలు పాకడం మొదలయింది. వేలాయుధం గోడవైపు తిరిగి, పంచె కొంచెం ఎత్తి, జేబు మీద చెయ్యి వేశాడు. మొదటి గుండీ రాలేదు. గోటితో నెట్టాడు, రాలేదు. కాసేపు పెనుగులాడాక ఒకటి వచ్చింది గానీ, రెండోది దానికంటే మొండిది. చెమటలు పట్టాయి. వెనకనుంచి గల్లాపెట్టె ఆయన "ఏం సార్, ఒళ్ళు బాగాలేదా?" అని అడిగాడు.

"అదేం లేదు. గుండీ" అన్నాడు వేలాయుధం.

సుబ్బన్న చేతులు ఎంతసేపు కడుక్కోగలడు? అరచేతులు తెల్లబడ్డాయి. వెనక ఇంకెవరో చేతులు కడుక్కోవడానికి నిలబడి దగ్గుతున్నారు. నాగలింగానికి అమావాస్య దొరికింది, పౌర్ణమి దొరికింది, గురువారాలు కూడా అయిపోయాయి. అప్పటికీ వేలాయుధం గోడతో మాట్లాడుతున్నట్టు అటే తిరిగి ఉన్నాడు. చివరికి సుబ్బన్న గల్లాపెట్టె దగ్గరికి వచ్చి, మొలలో ముడి విప్పి, చిల్లర తీసి పెట్టాడు.

వేలాయుధం బస్సులో కిటికీ పక్కన బిక్కచచ్చి కూర్చున్నాడు. ఇక వీధిలో తల ఎత్తుకోలేననుకున్నాడు. కానీ సుబ్బన్న ముఖం చూస్తే వెలిగిపోతోంది. దారి పొడుగునా పాత సంగతులు చెప్పి నవ్వించాడు. దిగాక వీధి మలుపులో ఎదురైన వాళ్ళకు "ఈ పొద్దు వీళ్ళకు టిఫను నేనే తీసిచ్చినా" అని తనే చెప్పాడు. మరునాడు చెప్పాడు, ఆ మరునాడూ చెప్పాడు. ఇవ్వడంలో ఉండే ఆ కులుకు ఇన్నాళ్ళూ తనొక్కడే మూటగట్టుకుని, సుబ్బన్నకు దక్కనివ్వలేదే అని వేలాయుధానికి అప్పుడు తోచింది.

ఆ శుక్రవారం ఇంటికి రాగానే, కాళ్ళు కడుక్కోకముందే, మిగిలిన కాఫీ డబ్బు పెళ్ళాం చేతిలో పెట్టాడు. ఆమె దాన్ని అటకమీది గాజు సీసాలో వేసింది. ఏ శుక్రవారం తన వంతు కాదో ఆ శుక్రవారం డబ్బు సీసాలోకి పోవాలని ఇద్దరూ అనుకున్నారు. వంతు అనే మాట ఆ ముగ్గురి మధ్య ఎవరూ పైకి అనలేదు. అది దానంతటదే ఏర్పడింది. నాగలింగం వంతు వచ్చినప్పుడు మాత్రం వడలు తగ్గేవి. సీసా నిండినప్పుడల్లా వేలాయుధం దాన్ని పోస్టాఫీసులో కట్టి వచ్చేవాడు.

కొన్నాళ్ళకు గుండీలు వదులైనాయి. అయినా అతను తొందరపడి తీయడం మానేశాడు. చీమలు పాకినా కాసేపటికి అవే దిగిపోతాయని అతనికి అనుభవం మీద తెలిసింది. ఆ సంగతి సరసమ్మ తమ్ముడు ఏకాంబరం మీద కూడా పనిచేసింది. ఊత్తుకోట దగ్గర కాపురముండే ఏకాంబరం పండక్కీ పబ్బానికీ వచ్చి, తిరిగిపోయేటప్పుడు కైమాత్తు అడిగేవాడు. కైమాత్తు అంటే చేబదులు. ఏకాంబరం విషయంలో మాత్రం అది తిరిగి వచ్చేది కాదు.

"బావా, ఒక యాభై ఉంటే చూడు. కోతలు కాగానే ఇచ్చేస్తా."

వేలాయుధం జేబు మీద చెయ్యి వేసి, బావమరిది ముఖం వంక చల్లగా చూస్తూ కూర్చున్నాడు.

"యాభై లేకపోతే ముప్పై ఇయ్యి."

వేలాయుధం తల ఊపాడు. అవునన్నాడో కాదన్నాడో ఏకాంబరానికి తెలియలేదు.

"ఈసారి కోతలు కూడా అంతంతమాత్రమే అనుకో. తీర్చేదానికి కష్టమే. పది?"

లోపల కండెల రాట్నం కూడా ఆగిపోయింది. సరసమ్మ వింటోంది.

"సరేలే బావా, నాకూ ఊరకనే అడిగి అడిగి అలవాటైపోయింది. ఒక టీ తాగిపియ్యి, పోతా."

వేలాయుధం వీధి చివర అంగడికి తీసుకుపోయి టీతోపాటు బన్ను కూడా పెట్టించాడు. ఏకాంబరం ఏమీ అలగలేదు. వాడు అప్పు లేకుండా ఆ ఇంటి నుంచి తిరిగిపోవడం అదే మొదలు. ఆ తర్వాత రావడం కూడా మానలేదు.

దీపావళి దగ్గర పడింది. ఏటా ఆ ముందు వారాల్లోనే జగన్నాథన్ ముదలాళి కూలి రేటు తేల్చేవాడు. తేల్చడమంటే తనకు తోచింది చెప్పి, తెల్లటి పరుపు మీద వెనక్కి వాలి, మాట్లాడకుండా కూర్చోవడం. అంతే చాలు. ఏటా ఆ మౌనానికి మొదట పడిపోయేది వేలాయుధమే. "సరే ముదలాళీ, మీరెట్ల చెప్తే అట్లనే" అనేసేవాడు. ఆ తర్వాత బస్సులో నాగలింగం దారంతా గొణిగేవాడు.

ఆ ఏడు ముదలాళి "నూలు రేటు ఎక్కిపోయింది. లుంగీకి పావలా తగ్గించుకోవాల మీరు" అని వెనక్కి వాలాడు.

పైన ఫ్యాను కిర్రుమంటోంది. వేలాయుధం మాట్లాడలేదు.

"ఏం వేలాయుధం, సరే కదా?"

వేలాయుధం ఆయన కళ్ళలోకే చూస్తూ కూర్చున్నాడు. వెనక సుబ్బన్న చేతులు కడుక్కోవడానికి చుట్టూ చూశాడు, ఎక్కడా కొళాయి లేదు.

"నేనేమన్నా మిగుల్చుకుంటానా? మీరే చెప్పండి" అన్నాడు ముదలాళి. ఎవరూ చెప్పలేదు. ఆయన లేచి కూర్చున్నాడు. కాఫీ తెప్పించాడు. ముగ్గురూ తాగారు. లోటాలు కింద పెట్టాక మళ్ళీ అదే ఊరకుండడం.

"సరే, తగ్గించేది వద్దులే. పాత కూలే ఉండనీ."

వేలాయుధం కదల్లేదు.

"ఇట్ల మొండికేస్తే ఎట్లప్పా? గుమ్మిడిపూండి ఫ్యాక్టరీ వాళ్ళు పనివాళ్ళకు పంచేదానికి అన్నేసి లుంగీలు అడిగినారు. దీపావళి లోపల ఇయ్యకపోతే నా మర్యాద ఏం కావాల?"

ఆ మాట నోటినుంచి వచ్చాక ముదలాళి నాలుక కరుచుకున్నాడు. అంత పెద్ద గిరాకీ ఉందని ఈ ముగ్గురికీ అంతవరకూ తెలియదు. నాగలింగం దగ్గాడు. వేలాయుధం అప్పుడు నోరు విప్పాడు.

"లుంగీకి పావలా ఎక్కువియ్యండి ముదలాళీ. చెప్పిన టయానికి నేసిస్తాం."

ముదలాళి కాసేపు ఫ్యాను వంక చూసి, ఒప్పుకున్నాడు.

బజారులోకి వచ్చాక సుబ్బన్న అతని భుజం పట్టుకుని ఆపాడు. "ఏమన్నా, నీకు ఇంత ధైర్యం యాడ నుంచి వచ్చింది?"

"ధైర్యమేముందిరా. నోరు తెరిస్తే సరే అనేస్తానేమోనని భయమేసి మూసుకున్నా" అన్నాడు వేలాయుధం. అది నిజమే. ముగ్గురూ నడిబజారులో నిలబడి నవ్వారు.

ఆ రోజు హోటల్లో వంతు నాగలింగానిది. అయినా వేలాయుధం ముందుగానే గల్లాపెట్టె దగ్గరికి పోయి, అందరికీ తను ఇస్తానని చెప్పి వచ్చి కూర్చున్నాడు. ఎవరూ అతని వంక చూడలేదు, ఎవరూ మాటలాపి ఎదురుచూడలేదు, అతనికి ఇవ్వాలనిపించింది, ఇచ్చాడు. ఇన్నేళ్ళుగా తాగుతున్న ఆ కాఫీలో కాస్త చక్కెర ఎక్కువ వేస్తారన్న సంగతి అతనికి ఆ రోజే తెలిసింది.

తర్వాత అతని పేరు పాకింది. పొన్నేరికి వడ్లు కొనడానికి పోయేవాళ్ళూ, సంతలో ఎద్దుల్ని చూడబోయేవాళ్ళూ "అన్నా, నువ్వొచ్చి ఊరికే పక్కన కూర్చుంటే చాలు" అని వెంటబెట్టుకుపోయేవారు. అతనికీ అది రుచి మరిగింది. చివరికి ఇంట్లో కూడా మొదలుపెట్టాడు. సాంబారులో ఉప్పు సరిపోయిందా అని సరసమ్మ అడిగితే జవాబు చెప్పకుండా చల్లగా చూశాడు.

"ఆ యాపారం నాకాడ పెట్టుకోవద్దు" అని ఆమె ఉప్పు డబ్బా తెచ్చి అతని ముందు పెట్టింది.

కార్తీక మాసపు వానలకు ఇంటికప్పు కారి, మగ్గం గుంటలో నీళ్ళు నిలిచాయి. వాన తెరిపిచ్చిన రోజు, పోస్టాఫీసు డబ్బు తీసుకుని, బండి మాట్లాడుకుని, మొగుడూ పెళ్ళాలు పెంకుల బట్టీకి పోయారు. బట్టీ నడిపేది వజ్రమ్మ అనే పెద్దావిడ. పెంకుల దొంతర మీద కూర్చుని, దవడలో తాంబూలం నొక్కిపెట్టుకుని ఉంది. ధర చెప్పడానికి ఒక్కసారి నోరు తెరిచి మూసింది.

వేలాయుధం ఎదురుగా కూర్చుని తన పని మొదలుపెట్టాడు. వజ్రమ్మ కళ్ళార్పకుండా అతన్ని చూసింది. పొద్దు పైకెక్కింది. బండివాడు ఎడ్లను విప్పి మేతకు వదిలాడు. ఒక కాకి వచ్చి పెంకుల మీద వాలి, ఇద్దరినీ చూసి ఎగిరిపోయింది. వేలాయుధానికి ఎన్నో నెలల తర్వాత మళ్ళీ చెవులు వేడెక్కాయి. వజ్రమ్మ మాత్రం తమలపాకు రసం మింగుతూ నింపాదిగా ఉంది.

"అక్కా, నాకు ఇంట్లో కండెలు చుట్టే పనుండాది" అంది సరసమ్మ. "నువ్వు చెప్పిందానికీ, ఈయన మనసులో ఉండేదానికీ నడిమధ్య ఒక రేటు చెప్తా. ఒప్పుకుంటే ఎత్తుకుంటాం."

రేటు చెప్పింది. వజ్రమ్మ పక్కకు తిరిగి తాంబూలం ఉమ్మేసింది.

"నువ్వు ఎప్పుడు మాట్లాడతావా అనే చూస్తావుండా మే. ఈయనతో అయితే దీపాలు పెట్టే యాళదాకా ఇక్కడే. ఎత్తుకోండి."

వేలాయుధం పంచె పైకి చెక్కి, పెంకులు బండిలోకి అందివ్వసాగాడు. కొండ వెనక మళ్ళీ మబ్బు నల్లబడుతోంది.

"చూసుకుని అందియ్యి. పగిలితే ఆ అక్క ఊరకనే ఇయ్యదు" అంది సరసమ్మ, బండిలో గడ్డి సర్దుతూ.

"సరేలేవే" అన్నాడు వేలాయుధం, వెంటనే.